ఆబోతు ఒంట్లో చల్లని చోటు

ఒంగోలు ఆబోతును దగ్గరగా చూశారా? గుండె, కాలేయం వంటి అవయవాలన్నీ శరీరం లోపల భద్రంగా ఉంటే, వృషణాలు మాత్రం బయట ఒక తిత్తిలో వేలాడుతుంటాయి. ఎందుకని?

ఆబోతు శరీర ఉష్ణోగ్రత సుమారు 38.5 డిగ్రీల సెంటీగ్రేడు. వీర్యకణాలు సరిగా తయారు కావాలంటే అంతకంటే 4, 5 డిగ్రీలు తక్కువ ఉండాలి. అందుకే ఈ ఏర్పాటు. చలి వేస్తే కండరాలు ముడుచుకొని వృషణాలను ఒంటి దగ్గరకు లాగుతాయి. ఎండ కాస్తే సడలి కిందికి దించుతాయి. అంతేకాదు, వేడి రక్తాన్ని తెచ్చే ధమనిని, చల్లబడిన రక్తాన్ని తీసుకుపోయే సిరలు తీగల్లా అల్లుకొని ఉంటాయి. అందువల్ల వృషణాలకు చేరేలోగానే రక్తం చల్లబడుతుంది.

ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 61 రోజులు పడుతుంది. ఆ తర్వాత మెలికల గొట్టంలో పక్వం కావడానికి మరో పది రోజులు. కనుక మే నెలలో తగిలిన వడదెబ్బ ఫలితం జూలై వరకు కనిపించవచ్చు!

తొలకరి పడ్డాక ఆవులు చూడి కట్టకపోతే, ఆబోతు పనికిరాదని తొందరపడి సంతకు తోలేవారున్నారు. రెండు నెలలు ఆగి, పశువైద్యునిచేత వీర్యపరీక్ష చేయించమని వారికి చెప్పండి. వచ్చే వేసవిలో దానికి చెట్టునీడ, తొట్టినిండా నీళ్లు ఉండేలా మీరే చూడండి.