రైలుకు తలవంచిన గుర్రం

ఓ బుల్లి స్టేషను. చుట్టూ కొండలు. స్టేషను పక్కనే బండికి కట్టిన గుర్రం ఒకటి నిలబడి ఉంది. పట్టాల మీద పొగలు చిమ్ముకుంటూ రైలింజను దగ్గరికి వచ్చేసింది. అంత పెద్ద ఇంజను అలా మీదికి వస్తుంటే ఏ గుర్రమైనా బెదిరిపోవాలి. బండిని లాక్కుని పరుగెత్తాలి. ఇదేమో తల బాగా కిందికి వంచేసింది... దేవుడి పల్లకి వెళ్తుంటే దండం పెట్టుకున్నట్టు!

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, గ్రీన్‌కోవ్ అనే కొండ ఊళ్లో 1956 అక్టోబరులో తీసిన ఫొటో ఇది. గుర్రం పేరు మాడ్. రైలు పేరు వర్జీనియా క్రీపర్. ఫొటో తీసినాయన ఓ.విన్‌స్టన్ లింక్. 'క్రీపర్‌కు మాడ్ వందనం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు దానికి. మాడ్ మనసులో ఏముందో మనకేం తెలుసు! గడ్డిపరక కోసం వంగిందో, ముసిరే ఈగల్ని తోలుకుందో. కానీ ఆ మరుసటి ఏడాదే ఆ లైనులో ఆవిరి ఇంజన్లను ఆపేశారు. ఆ సంగతి తెలిశాక చూస్తే మాత్రం, ఆ గుర్రం వీడ్కోలు చెబుతోందనే అనిపిస్తుంది.

పొగబండి అమెరికాలో ఆఖరి ఊపిరి తీస్తున్న అయిదేళ్లూ దాని వెంటపడి తిరిగిన మనిషి కథ ఇది. రైల్వే ఆయనకు జీతమివ్వలేదు. పత్రికలేవీ తీసుకురమ్మని పంపలేదు. జేబులో డబ్బు పెట్టుకుని తిరిగాడు.

ఏసీల ఫొటోలకని వెళ్లి...

లింక్ 1914లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. చదివింది సివిల్ ఇంజినీరింగు, స్థిరపడింది ఫొటోగ్రఫీలో. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, నీళ్లలో దాక్కున్న జలాంతర్గాముల్ని విమానంలోంచి పసిగట్టే పరికరం మీద పరిశోధన చేసిన సంస్థలో పనిచేశాడు. యుద్ధం అయ్యాక 1946లో సొంత స్టూడియో తెరిచాడు. కంపెనీల ప్రకటనలకు ఫొటోలు తీయడం ఆయన వృత్తి. టైర్లు, అల్యూమినియం, పెట్రోలు... ఏదైనా సరే, చక్కగా వెలుతురు పెట్టి అందంగా చూపించాలి. గిరాకీకి లోటు లేదు.

1955 జనవరిలో ఓ కంపెనీ ఏసీల ఫొటోలు తీయడానికి వర్జీనియాలోని స్టాంటన్ వెళ్లాడు. పని ముగించుకున్న రాత్రి పక్కనున్న వేన్స్‌బరో స్టేషనుకు కారులో బయల్దేరాడు. నార్ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వే బళ్లు ఆగే స్టేషను అది. చిన్నప్పటి నుంచీ రైలింజన్లంటే పిచ్చి. పెద్ద ఇంజను ఒకటి చీకట్లోంచి ఆవిరి కక్కుకుంటూ వచ్చి ఆగింది. అంతే! ఆ మర్నాటి రాత్రే, జనవరి 21న, కెమెరాతో మళ్లీ అక్కడ ప్రత్యక్షమయ్యాడు. తొలి ఫొటో అదే.

అప్పటికి అమెరికాలో పెద్ద రైల్వే కంపెనీలన్నీ డీజిల్‌కు మారిపోయాయి, మారుతున్నాయి. పూర్తిగా ఆవిరితోనే నడుస్తున్న పెద్ద కంపెనీ ఇదొక్కటే. దానికో కారణముంది. ఈ రైల్వే వెళ్లేది అప్పలేచియన్ కొండల్లోని బొగ్గుగనుల మధ్య నుంచి. వ్యాగన్లలో మోసుకెళ్లే సరుకూ బొగ్గే, ఇంజను తినే తిండీ బొగ్గే! పైగా ఇంజన్లను బయట కొనే పని లేదు, రోనోక్ పట్నంలోని తన సొంత వర్క్‌షాపులో తానే తయారు చేసుకునేది. 1953 చివరి దాకా ఆవిరి ఇంజన్లు చేస్తూనే ఉంది. అయినా ఈ ముచ్చట ఎన్నాళ్లో సాగదని లింక్‌కు తెలుసు. కంపెనీకి ఉత్తరం రాశాడు, మీ లైన్ల మీద ఫొటోలు తీసుకోనివ్వండని. ప్రెసిడెంటు స్మిత్ సరేనన్నాడు. తీసుకోవడమే కాదు, సిబ్బంది సాయం కూడా దొరికింది.

సూర్యుణ్ని ఎవరు జరపగలరు?

ఫొటోలు రాత్రిపూటే ఎందుకు తీశాడు? ఎవరడిగినా లింక్ చెప్పే సమాధానం ఒకటే. సూర్యుడు ఎప్పుడూ ఉండకూడని చోటే ఉంటాడు, జరపలేం. పట్టాల్నీ జరపలేం. చీకట్లో అయితే వెలుగు మన చేతిలో ఉంటుంది!

మాట తేలికే, పని కాదు. గంటకు అరవై మైళ్ల వేగంతో పోయే బండిని, దాని చుట్టుపక్కల ఊరిని, మనుషుల్ని ఒక్క క్షణంలో వెలిగించాలి. ఇప్పటి ఫ్లాష్‌లు కావవి. అప్పట్లో ఫ్లాష్ బల్బు ఒక్కసారి భగ్గుమంటే ఇక పారేయడమే. లింక్, సహాయకుడు జార్జ్ థామ్ కలిసి పొద్దున్నుంచి పొలాల్లో, చెట్ల మీద, గోడల వెనక బల్బులు బిగించేవాళ్లు. వాటిని కలుపుతూ వేల అడుగుల వైర్లు లాగేవాళ్లు. పెళ్లిపందిళ్లకు కట్టే సీరియల్ బల్బులు తెలుసుగా... ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయి. లింక్ బల్బులదీ అదే పద్ధతి. ఒక్కటి పనిచేయకపోయినా ఏదీ వెలగదు. చీకట్లో రైలు ధడధడమని వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి రమ్మంటే రాదు కదా!

వెస్ట్ వర్జీనియాలోని యేగర్‌లో 1956 ఆగస్టు 2 రాత్రి తీసిన ఫొటోకు ఒకేసారి 43 బల్బులు వెలిగించాడు. ఆరుబయట తెర, ఎదురుగా కార్లు, కార్లలో కూర్చుని సినిమా చూస్తున్న జనం. పక్కనుంచి గూడ్సు బండి. తెర మీదేమో యుద్ధవిమానం. ఒకే ఫొటోలో కారు, రైలు, విమానం! ఆయన ఫొటోల్లోకెల్లా జగమెరిగినది ఇదే.

ఇక్కడో మెలిక ఉంది. అన్ని బల్బుల వెలుగులో తెర తెల్లగా వెలవెలబోయింది. విమానం బొమ్మను విడిగా తీసి, తర్వాత డార్క్‌రూమ్‌లో అతికించాడు. ముందున్న కారు లింక్‌దే. అందులో జంటను కూర్చోబెట్టిందీ ఆయనే. మరి ఇది ఉన్నదున్నట్టు తీసిన ఫొటోనా, సినిమా సెట్టింగా? చాలామంది అడిగిన ప్రశ్నే. తీసినాయన ప్రకటనల ఫొటోగ్రాఫరు, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది! మనుషులెక్కడ నిలబడాలో, ఎటు చూడాలో అన్నీ చెప్పేవాడు. అందుకే ఆ ఫొటోల్లోని పల్లెల్లో అంతా సవ్యంగా, కాస్త ఎక్కువ సవ్యంగా కనిపిస్తుంది. బొగ్గుగనుల కష్టాలు వాటిల్లో పెద్దగా కనబడవు. కానీ రైలు నిజం. ఆ వేళకు ఆ దారిన వచ్చే మాట నిజం. దాన్ని పట్టించుకోకుండా ఎవరి పనిలో వాళ్లుండటం కూడా నిజమే.

అసలు లింక్ గొప్పదనమంతా అక్కడే ఉందనిపిస్తుంది. ఇంజన్ల ఫొటోలు అంతకుముందూ చాలామంది తీశారు. నున్నగా, పక్కనుంచి, నంబరు కనిపించేలా. లింక్ కెమెరా ఇంట్లోకి వెళ్లి కూర్చుంది. ఓ ఫొటోలో ఇంటివాళ్లు హాల్లో ఉంటారు, కిటికీ అద్దంలోంచి రైలు. లూరే దగ్గర తీసిన ఇంకోదాంట్లో వంతెన కింద వాగులో పిల్లలు ఈతలు కొడుతుంటారు, నెత్తిమీద రైలు. మరోచోట కారులో చేతిపంపుతో పెట్రోలు పోయించుకుంటుంటే వెనకాల రైలు. 'ఒక్కోసారి కరెంటు పోతుంది' అని దాని పేరు. మనవాళ్లెవరైనా పెట్టి ఉండాల్సిన పేరు!

కొండెక్కే తీగ

మళ్లీ మాడ్ దగ్గరికి వద్దాం. ఆ గుర్రం తలవంచిన బండి మెయిన్ లైనుది కాదు. ఆబింగ్డన్ అనే ఊరి నుంచి కొండల్లోకి చీలిపోయే బ్రాంచి లైనుది. వర్జీనియా క్రీపర్ అనేది అక్కడి అడవుల్లో పాకే తీగ పేరు. బండి కూడా కొండ మీదికి అలాగే పాకుతూ వెళ్తుంది కాబట్టి దానికీ ఆ పేరే పెట్టేశారు.

1900లో డమాస్కస్ దాకా వేశారు దీన్ని. కొండల్లో కలప ఉంది, దాన్ని కిందికి దించాలి... అదీ అవసరం. తర్వాత నార్త్ కరోలినాలోకి సాగింది. కలప తరిగిపోయాక చివరి ముక్కను 1933లో పీకేశారు. మిగిలింది 55 మైళ్లు. వాగుల మీద, లోయల మీద వందకు పైగా వంతెనలు. వైట్‌టాప్ స్టేషను 3,577 అడుగుల ఎత్తున ఉండేది. మన అరకు దారిలో శిమిలిగూడ స్టేషను చూసినవాళ్లకు ఆ ఎత్తు ఊహకందుతుంది. దానికన్నా ఇంకో మూడొందల అడుగులు పైకన్న మాట.

ఈ లైనులో నడిచిన ఇంజన్లు 1906, 1907 ప్రాంతంలో తయారైనవి. మెయిన్ లైనులో కొత్త ఇంజన్లు దూసుకుపోతుంటే ఈ ముసలివాటిని కొండల్లోకి పంపేశారు. వాటి వెనక నాలుగు వ్యాగన్లు, ఓ ప్యాసింజరు పెట్టె. సరుకూ జనమూ ఒకే బండిలో. గ్రీన్‌కోవ్ స్టేషను చూస్తే స్టేషను, పోస్టాఫీసు, కిరాణా కొట్టు మూడూ ఒకే కప్పు కింద ఉండేవి. ఉత్తరం వేయాలన్నా, ఉప్పు కొనాలన్నా, రైలెక్కాలన్నా అక్కడికే. మాడ్ బండి అక్కడెందుకుందో అర్థమైందిగా!

మెయిన్ లైనులో రాత్రంతా బల్బులు పేల్చిన మనిషి ఈ బ్రాంచి లైనులో మాత్రం ఎక్కువగా పగలే తీశాడు. ఇక్కడి బండికి తొందర లేదు. ఆగుతుంది, సరుకు దించుతుంది, కబుర్లు చెప్పుకున్నాక కదులుతుంది. అయిదేళ్లలో ఇరవైసార్లు న్యూయార్క్ నుంచి వచ్చి వెళ్లి ఆయన తీసిన 2,400 ఫొటోల్లో ఎక్కువ పేరు రాత్రివాటికే వచ్చింది. నన్నడిగితే మనసుకు దగ్గరయ్యేవి ఈ పగటి ఫొటోలే.

1957లో క్రీపర్‌కు డీజిల్ ఇంజను తగిలించారు. 1960 మేలో కంపెనీ మొత్తమ్మీద ఆవిరి ఆగిపోయింది. లింక్ పెట్టె సర్దుకుని ప్రకటనల ఫొటోలకు వెళ్లిపోయాడు. నెగటివ్‌లు ఇరవయ్యేళ్లకు పైగా అలాగే పడి ఉన్నాయి. 1983లో ప్రదర్శనలు పెట్టాక గానీ లోకం కళ్లు తెరవలేదు. ఆ తర్వాత పేరొచ్చింది, ప్రింట్లకు ధర వచ్చింది. దాంతోపాటే చిక్కులూ వచ్చాయి. ఆయన ఫొటోలను దొంగిలించిందని 1996లో కోర్టు శిక్ష వేసింది ఎవరికో కాదు, ఆయన రెండో భార్యకు! 1999లో వచ్చిన 'అక్టోబర్ స్కై' సినిమాలో లింక్ కాసేపు కనిపిస్తాడు. ఏ వేషమంటారా? ఆవిరి ఇంజను డ్రైవరు. 2001 జనవరిలో, 86వ ఏట కన్నుమూశాడు. రోనోక్‌లో ఒకప్పటి రైల్వే స్టేషనులోనే 2004లో ఆయన పేరిట మ్యూజియం తెరిచారు.

క్రీపర్ లైను 1977లో మూతపడింది. పట్టాలు పీకేసి, ఆ దారిని నడిచేవాళ్లకూ సైకిళ్లవాళ్లకూ వదిలారు. 34 మైళ్ల బాట అది. పాత వంతెనల మీదుగా, గ్రీన్‌కోవ్ స్టేషను ముందు నుంచే వెళ్తుంది. జనం వేలం వెర్రిగా వచ్చేవారు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను విరుచుకుపడి, డమాస్కస్‌కూ వైట్‌టాప్‌కూ మధ్య దారిని ఛిన్నాభిన్నం చేసింది. వంతెనలెన్నో కొట్టుకుపోయాయి. మాడ్ నిలబడిన ఊరు ఆ రెంటి మధ్యే ఉంది.

ఫొటోలో అన్నీ పడతాయి, చప్పుడు పడదు. ఆ లోటు లింక్‌కూ తెలిసినట్టుంది, టేపు రికార్డరు కూడా మోసుకు తిరిగాడు. 1957 డిసెంబరు 24 రాత్రి వర్జీనియాలోని రూరల్ రిట్రీట్ అనే ఊళ్లో మైకు పెట్టాడు. రికార్డులో ముందు చర్చి నుంచి క్రిస్మస్ పాటల గంటలు మోగుతాయి. దూరంగా కూత. ఇంజను వచ్చి ఆగుతుంది, కాసేపు బుసలు కొడుతుంది, కదులుతుంది. చక్‌చక్‌మనే చప్పుడు కొండల్లోకి సన్నబడుతూ పోతుంది.