మీకు తెలుసా? తొలి ఊపిరికి ముందే పనిచేసే హార్మోన్

గొర్రె చూలు దాదాపు 147 రోజులు. ఒక గొర్రెపిల్ల 117వ రోజుకే పుట్టింది. మామూలుగా అయితే బతకదు, కానీ ఊపిరి తీస్తోంది! 1960లలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో డాక్టర్ గ్రాహం లిగ్గిన్స్ కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసుకోవాలని కడుపులోని గొర్రెపిల్లలకు కార్టిసాల్ తరహా హార్మోన్లు ఎక్కిస్తున్నారు. ఈ పిల్ల ఊపిరితిత్తులు పరీక్షిస్తే కొంతమేర గాలి నిండి ఉంది. వెతికింది ఒకటి, దొరికింది అంతకన్నా విలువైనది.

గర్భం చివరి వారాల్లో శిశువు అడ్రినల్ గ్రంథులే కార్టిసాల్‌ను పెంచి, ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థం తయారయ్యేలా చేస్తాయి. అది చాలకపోతే గాలి వదిలిన ప్రతిసారీ గాలిగదులు ముడుచుకుపోతాయి. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ రెండు రోజులైనా నిండకుండా చనిపోయింది ఈ సమస్యతోనే.

లిగ్గిన్స్, పిల్లల డాక్టర్ రాస్ హోవీ నెలలు నిండకముందే కాన్పయ్యేలా ఉన్న 282 మంది తల్లులతో జరిపిన పరీక్ష ఫలితాలు 1972లో వచ్చాయి. కార్టిసాల్ తరహా మందైన బీటామెథసోన్ సూది ముందే పడిన తల్లుల బిడ్డల్లో మరణాలు తగ్గాయి. మన దేశంలో 2014 మార్గదర్శకాల ప్రకారం అలాంటి తల్లిని పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా అదే తరహా మందైన డెక్సామెథసోన్ తొలి సూది వేయవచ్చు.

సూది పూర్తిగా పనిచేయడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కాబట్టి నెలలు నిండకుండా నొప్పులొస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.