చీకట్లో దారి అడిగిన బాపూ

దేశమంతా ఆయన వైపు చూస్తోంది. ఆయనేమో పైవాడి వైపు చూస్తున్నారు!

అది 1930 జనవరి. సంపూర్ణ స్వరాజ్యమే లక్ష్యమని లాహోర్ కాంగ్రెస్ తీర్మానించి కొద్దిరోజులే అయింది. పోరాటం ఎలా మొదలుపెట్టాలో గాంధీజీ చెప్పాలి. జనవరి 18న సబర్మతి ఆశ్రమానికి వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్ కూడా అదే అడిగారు. రాత్రింబవళ్లు ఆలోచిస్తున్నాననీ, చుట్టూ చీకటే తప్ప వెలుగు కనిపించడం లేదనీ బాపూ జవాబిచ్చారు. అంతటి నాయకుడు ‘నాకింకా దారి తెలియలేదు’ అని ఒప్పుకోవడమంటే మాటలా!

ఆశ్రమంలో తెల్లవారుజామున 4 దాటగానే ప్రార్థన. సాయంత్రం మళ్లీ. ఇక రామనామం సంగతా... దయ్యాల భయం పోవడానికి రంభ అనే దాది చిన్నప్పుడే నేర్పిన మందు అది. కోరికల చిట్టా విప్పడం ప్రార్థన కాదనీ, మన బలహీనతను రోజూ ఒప్పుకోవడమే ప్రార్థన అనీ ఆయన చెప్పేవారు.

కొన్ని వారాలకు ఉప్పు ఆలోచన వచ్చింది. ఉప్పుకీ స్వరాజ్యానికీ లంకె ఏమిటో మొదట నెహ్రూకే అంతుబట్టలేదు. మార్చి 12న 78 మంది సత్యాగ్రహులతో బయల్దేరిన బాపూ ఏప్రిల్ 6న దండి తీరంలో పిడికెడు ఉప్పు తీసేసరికి అందరికీ అర్థమైంది.

మూడేళ్ల తర్వాత ఎరవాడ జైల్లో ఓ రాత్రి ఆయనకు ‘అంతర్వాణి’ వినిపించింది. హరిజనోద్యమంలో ఆత్మశుద్ధి కోసం 1933 మే 8 నుంచి 21 రోజుల ఉపవాసమన్నారు. అప్పటికి వయసు 63. అదంతా మీ ఊహేనన్నారు కొందరు. రుజువు చూపలేననీ, లోకమంతా కాదన్నా తన నమ్మకం మాత్రం సడలదనీ ఆయన సమాధానం. మొదటిరోజే ప్రభుత్వం విడుదల చేసింది. పుణేలోని పర్ణకుటిలో మే 29న దీక్ష ముగిసింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మనసుకు నచ్చినదాన్నే దేవుడు చెప్పాడనుకుంటే? దేవుడి పటం ముందు చీట్లు వేసి, కోరుకున్నది వచ్చేదాకా మళ్లీ మళ్లీ తీసేవాళ్లు మనలో లేరూ! ఈ ప్రమాదం బాపూకి బాగా తెలుసు. అంతర్వాణి విన్నామని ఎవరుపడితే వారు చెప్పుకోకూడదనీ, సత్యం, అహింస, అపరిగ్రహం లాంటి వ్రతాలతో ముందు తమను తాము సిద్ధం చేసుకోవాలనీ హెచ్చరించారు.

అయినా ఆయనకే ఒకసారి తడబాటు ఎదురైంది. రాజ్‌కోట్ సంస్థానంలో... తండ్రి దివాన్‌గా పనిచేసిన ఊళ్లోనే. సంస్కరణలపై మాట తప్పిన ఠాకోర్ సాహెబ్ మనసు మార్చాలని 1939 మార్చి 3న నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఉపవాసమంటే ఆయన దృష్టిలో ప్రార్థనే. కానీ ఒకవైపు దేవుడిపై భారం వేస్తూనే, మరోవైపు వైస్రాయ్ జోక్యమూ కోరారు. మార్చి 7న దీక్ష విరమించారు. ఏప్రిల్‌లో ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయర్ తీర్పు కూడా అనుకూలంగానే వచ్చింది. ఎవరైనా సంబరాలు చేసుకునే సమయం!

బాపూకి మాత్రం మనసు ఒప్పలేదు. పైఅధికారాన్ని ఆశ్రయించడం ఠాకోర్‌ను బలవంతపెట్టడమేననీ, దీక్షలో హింస కలిసిందనీ తేల్చుకున్నారు. మే 17న ఆ తీర్పును వదులుకుంటున్నట్టు ప్రకటించారు. ఠాకోర్ సాహెబ్‌కీ, వైస్రాయ్‌కీ క్షమాపణ చెప్పారు.