శ్రుతి జారుతుంటే ఎక్కడ వెతకాలి?

పిల్లలకు సంగీతం చెప్పించే ఇంట్లో శ్రుతి పెట్టె ఉండాల్సిందే. గల్ఫ్‌లో ఉన్న మనలో చాలామంది ఫోన్‌లో తంబురా యాప్‌తో కానిచ్చేస్తాం. ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్న పిల్లాడు ఇంట్లో ఉంటే మాత్రం కథ వేరు. ఇక్కడ రియాద్‌లో పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, చెల్లెలి ఆన్‌లైన్ సంగీతం క్లాసు కోసం అనలాగ్ సింథసైజర్ ఆసిలేటర్ ఒకటి సొంతంగా తయారు చేశాడు. విడిభాగాలన్నీ కిందటి సెలవుల్లో హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవే.

నాదం బాగానే ఉంది. లేనిదల్లా నిలకడ. మా అమ్మాయిది 5 శ్రుతి, అంటే షడ్జమం సుమారు 196 హెర్ట్జ్. క్లాసు మొదట్లో సరిగ్గా ఉన్న శ్రుతి పావుగంటకల్లా 40 సెంట్ల దాకా అటూ ఇటూ అయ్యేది. అర్ధస్వరానికి 100 సెంట్లు కాబట్టి ఇది చిన్న తేడా కాదు. నేర్చుకునే పిల్ల ఆ శ్రుతినే నమ్ముకుని పాడుతుంది. అది జారితే గొంతూ వెంటే జారుతుంది, ఆ సంగతి పిల్లకు తెలియను కూడా తెలియదు. "సా ఎక్కడికో పోతోందమ్మా" అని విజయవాడ నుంచి టీచర్‌గారు రెండుసార్లు అన్నాక, దీన్ని బాగుచెయ్యాలి లేదా పక్కన పెట్టాలి అనుకున్నాం.

ఈ జబ్బు పాతదే. 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజర్‌ను కూడా వేదికల మీద పాటకీ పాటకీ మధ్య మళ్లీ శ్రుతి చేసుకునేవారు. మన సంగీతానికి ఎలక్ట్రానిక్ తంబురా 1979లో బెంగళూరులో పుట్టింది. దాన్ని తయారు చేసిన రాజ్ నారాయణ్ గారు ఇంజనీరూ, వేణు విద్వాంసుడూ కూడా.

ముందు జారే తీరు చూడాలి

శ్రుతి ఉన్నట్టుండి గెంతితే అనుమానం కరెంటు మీద. ఏసీ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు మల్టీమీటర్‌తో 12 వోల్టుల సరఫరా కొలవండి. అది కదులుతుంటే మంచి రెగ్యులేటర్ కావాలి. నాదం వెనక సన్నగా గుయ్ మంటుంటే అది ఇక్కడి 60 హెర్ట్జ్ కరెంటు మోత. ఎర్త్, వైర్ల అమరిక చూసుకోవాలి. నెమ్మదిగా జారితే మాత్రం కారణం వేడి.

మాది మూడో రకం. ట్యూనర్ యాప్, గది థర్మామీటర్ పక్కపక్కన పెట్టి రెండు నిమిషాలకోసారి పుస్తకంలో రాశాం. ఏసీ ఆగినప్పుడల్లా ఒకవైపు, ఆన్ అయినప్పుడల్లా రెండోవైపు జారుతోంది.

బీఎస్సీలో చదివిన ఫిజిక్స్ ఇక్కడ పనికొచ్చింది. ట్రాన్సిస్టర్ ఒక డిగ్రీ వేడెక్కితే దాని బేస్-ఎమిటర్ వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఇలాంటి సర్క్యూట్‌లో ఒక స్థాయి మొత్తానికి ఉండేదే 18 మిల్లీవోల్టులు. అంటే ఒక్క డిగ్రీకే అర్ధస్వరం కంటే ఎక్కువ తేడా! అందుకే ట్రాన్సిస్టర్లను జతగా వాడతారు. ఒకదాని మార్పును రెండోది కొట్టేస్తుంది. అయితే జోడెడ్లలా రెండూ కలిసి నడవాలి, రెండిటి వేడీ ఒకటే ఉండాలి. మా బోర్డులో అవి రెండంగుళాల దూరంలో ఉన్నాయి. ఏసీ గాలి ఒకదానికే తగులుతోంది. స్ట్రాతో ఒక్కోదాని మీద వెచ్చగా ఊదితే ఒకదానికి శ్రుతి పెరిగింది, రెండోదానికి తగ్గింది. దొంగ దొరికాడు.

చేసిన మార్పులు

రెండు ట్రాన్సిస్టర్ల చదును వైపులకు థర్మల్ పేస్టు రాసి, ఎదురెదురుగా అంటించి, హీట్ ష్రింక్ గొట్టంతో బిగించాడు. మామూలు సిరామిక్ కెపాసిటర్ తీసేసి, వేడికి దాదాపు మారని సీ0జీ రకం వేశాడు. బోర్డు మీద ఖాళీ ఖర్జూరం డబ్బా బోర్లించాడు. ఇప్పుడు అరగంటలో తేడా నాలుగు సెంట్లు దాటడం లేదు.

కీబోర్డు కూడా కలపాలంటే ఇంకో మెట్టు ఉంది. జత కుదిరినా డిగ్రీకి మూడో వంతు శాతం తేడా మిగులుతుంది. మూడు స్థాయిల దూరంలో అది 12 సెంట్లు. దానికి వేడితోపాటు నిరోధం పెరిగే ప్రత్యేక రెసిస్టర్‌ను ట్రాన్సిస్టర్లకు ఆనించి పెట్టాలి. అది వచ్చే సెలవుల జాబితాలో ఉంది.

మీ పిల్లలూ ఇలాంటివి చేస్తుంటే 12 వోల్టుల అడాప్టర్‌తోనే చెయ్యనివ్వండి, గోడ కరెంటు జోలికి పోనివ్వకండి. క్లాసుకు ఇరవై నిమిషాల ముందే స్విచ్ వేసి కాస్త వేడెక్కనివ్వండి. పాడటం మొదలుపెట్టే ముందు ఒక్కసారి ట్యూనర్‌తో సరిచూసుకుంటే, ఆ తర్వాత పిల్ల చెవి నిశ్చింతగా దాన్ని నమ్మొచ్చు.