మా తాతగారి యింటి అరుగు

ఇంటికి వచ్చినవారిని "ఎవరు మీరు?" అని ముందుగా నడుగవలెనా, "దాహము పుచ్చుకొందురా?" అని యడుగవలెనా? ఈ చిన్నప్రశ్న గడచిన వేసవినుండి నన్ను బాధించుచున్నది. దీనికి సమాధానము మా తాతగారి యింటి అరుగుమీద దొరకునని నాకు తోచుచున్నది.

కొమరం భీము ఆసిఫాబాదు జిల్లా, రెబ్బెన మండలమునందలి గోలేటి మా యూరు. సింగరేణి సంస్థవారి బెల్లంపల్లి ప్రాంత కార్యాలయ మిచ్చట నుండుటచే దీనిని బొగ్గుగనుల యూరుగానే పలువు రెఱుంగుదురు. తాతగారిది జొన్నయు ప్రత్తియు పండించు చిన్న సేద్యము. పెంకుటింటిముందు నిడుపాటి అరుగు, దాని చెంత రెండు రంజనులు నుండెడివి. అమ్మమ్మ తెల్లవాఱకమున్నే వానిని నింపెడిది.

ఆ యరుగునకు బంధువులకంటె బాటసారులే యెక్కువ చుట్టములు. మాఘపూర్ణిమకు గంగాపురమున జరుగు బాలాజీ జాతరకు బోవువారు ముందునాటి రాత్రి అచ్చటనే పండుకొనెడివారు. గనిలో పని దొరకునేమోయని దూరమునుండి వచ్చిన పడుచువారు, గది కుదురువఱకు తమ సంచులు అచ్చటనే పెట్టుకొనెడివారు. అడవిదిక్కునుండి గోండు పెద్దలు "రాం రాం" అనుచు వచ్చి, ఇప్పపువ్వో చారపప్పో అమ్మమ్మ చేతి కిచ్చెడివారు. ఆమెయు వారి సంచిలో జొన్నలు పోయక పంపెడిది కాదు.

వారిలో నొక వృద్ధుడు మార్లవాయి ముచ్చట చెప్పెడివాడు. 1940లో జోడేఘాటున కొమరం భీము నేలకొఱిగిన పిదప, హైమండార్ఫు అను ఆస్ట్రియాదేశపు పండితుడు భార్య బెట్టీతోగూడ మార్లవాయికి వచ్చి, గోండుల నడుమ గుడిసెలో నివసించి, వారి జీవనమును, వారి కష్టములను గ్రంథస్థము గావించెను. గోండుపిల్లల చదువునకు పునాదియు అచ్చటనే పడెను. 1987లో బెట్టీ హైదరాబాదున మరణింపగా, ఆమెను మార్లవాయి మన్నులోనే సమాధి చేసిరి. "చుట్టమై వచ్చి ఇంటిమనిషయింది" అని ముసలాయన ముగించెడివాడు.

అమ్మమ్మ పద్ధతి యొక్కటే. ముందు చెంబుతో నీళ్లు, పిదప "తిన్నవా బిడ్డా?" అను ప్రశ్న, ఆ పిదపనే ఊరును పేరును. కులమడుగుట నేనెన్నడు వినలేదు. అతిథిసేవయను కీర్తి తాతగారికి దక్కెను గాని, నీళ్లు మోసిన భుజము, పొయ్యి యూదిన నోరు, చివరకు చల్లారిన గట్కతో సరిపెట్టుకొన్న కడుపు అమ్మమ్మవి. దీనిని గ్రహించుటకు నాకు చాలకాలము పట్టెను.

ఒక వేసవిలో బావి యెండెను. రంజనులో చెంబెడు నీళ్లే మిగిలెను. బాటసారి యొకడు దాహమనగా, నేను చెంబును వెనుకకు దాచితిని. అమ్మమ్మ కోపింపక, తాను త్రాగుటకై యుంచుకొన్న నీటి నతని దోసిట పోసెను. ఆ రాత్రి తాతగారు నాచేత భాగవతమున రంతిదేవుని కథ చదివించిరి. 48 దినములు నిరాహారుడై యున్న రాజు, తుదకు మిగిలిన నీటిని దప్పిగొన్నవాని కిచ్చెను గదా! చదువుచుండగా నా కంఠము పెగలలేదు.

అట్టి నేనే, గడచిన వేసవిలో నేమి చేసితినో వినుడు. మావారు బడికి బోయియుండిరి. మిట్టమధ్యాహ్నము చంకబిడ్డతో నొక యిల్లాలు గేటు కొట్టి నీళ్లడిగెను. నేను జాలీతలుపు తీయకయే "ఎవరు నీవు? ఎవరి తాలూకు?" అని ప్రశ్నలు వేసితిని. భర్త కాంట్రాక్టుపనికి వచ్చెనని యామె తడబడుచు చెప్పెను. నేను లోపలికి బోయి చెంబు తెచ్చునప్పటికి ఆమె వెడలిపోయెను. వీధి చివరవఱకు పరుగెత్తితిని, కనబడలేదు.

ఒంటరిగా నున్న స్త్రీ తలుపు తీయుటకు జంకుట తప్పని నేననను. కాలము మాఱినది. తాతగారును అమ్మమ్మయు నేడు లేరు. ఆ యరుగును లేదు. కాని నీళ్లిచ్చుటకు తలుపు తీయనక్కఱలేదని నాకాలస్యముగా తెలిసినది. మఱునాడే గేటువెలుపల వేపచెట్టు నీడను ఒక రంజనును నిలిపి, మూతపై చెంబు బోర్లించితిని. ప్రతియుదయము దానిని నింపునపుడు ఆ చంకబిడ్డ మొగము జ్ఞప్తికి వచ్చును. సాయంకాలమునకు రంజను ఖాళీయగును. త్రాగినవారెవరో నే నెఱుంగను.