పాత స్పోర్ట్స్ కారుకు కొత్త బ్రేకులు

వాహనం ఏదైనా, అది ఎంత వేగంగా పోగలదని అడిగేవారే ఎక్కువ. ఎంత దూరంలో ఆగగలదని అడిగేవారు తక్కువ. కర్మాగారంలో క్రేను నడిపే మన సహోద్యోగులను అడిగితే ఈ వరుస తారుమారవుతుంది. లోడును పైకెత్తే మోటారు కన్నా, ఎత్తిన లోడును గాలిలో నిలిపి ఉంచే బ్రేకును గురించే వారు ముందుగా చెబుతారు. పాత స్పోర్ట్స్ కార్లను బాగుచేసుకొని నడిపే అభిరుచి అనేక దేశాలలో ఉన్నది. ఆ అభిరుచి గలవారు తరచుగా చేపట్టే పని బ్రేకులను, చక్రాలను మార్చడం. ఇందులో ఇమిడి ఉన్న సూత్రాలు ఇంట్లో పాత స్కూటరు ఉన్నవారికి కూడా వర్తించేవే కనుక, ఒక ప్రసిద్ధమైన కారును ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

ఆ కారు జపానుకు చెందిన డాట్సన్ 240జెడ్. నిస్సాన్ సంస్థ 1969లో దీనిని స్వదేశంలో ఫెయిర్‌లేడీ జెడ్ అనే పేరుతో ప్రవేశపెట్టింది. ఆరు సిలిండర్ల ఇంజను, పొడవైన బానెట్టు, ఇద్దరికి మాత్రమే చోటు, వెయ్యి కిలోలకు కొంచెం పైబడిన బరువు. తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీలో ఈ కారు 1971లో ఒకసారి, 1973లో మరొకసారి విజయం సాధించింది. 1973లో దానిని నడిపిన షేఖర్ మెహతా ఉగాండాలో జన్మించిన భారత సంతతివాడు. ఆ ర్యాలీని మొత్తం ఐదుసార్లు గెలిచిన ఆయన పేరు మన దేశంలో తగినంతగా వినిపించకపోవడం విచారకరం.

ఈ కారుకు ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు ఉండేవి. చక్రాలు 14 అంగుళాల వ్యాసం, నాలుగున్నర అంగుళాల వెడల్పు గల ఇనుప రిమ్ములు. ఆనాటి టైర్లకు ఈ ఏర్పాటు సరిపోయింది. కాని నేడు ఆ కార్ల వయస్సు అర్ధ శతాబ్దం దాటింది. చాలామంది యజమానులు ఇంజను శక్తిని పెంచుకున్నారు కూడా. ముందు పోతున్న కొత్త కారు హఠాత్తుగా ఆగినప్పుడు, వెనుక వస్తున్న పాత కారు కూడా అంతే దూరంలో ఆగవలసి ఉంటుంది. రోడ్డు ఎవరికీ వయస్సు మినహాయింపు ఇవ్వదు కదా!

బ్రేకు చేసే పని నిజానికి వేగాన్ని వేడిగా మార్చడం. మనుషులతో కలిపి 1200 కిలోల బరువున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుండి ఆగితే సుమారు 4,60,000 జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. లీటరుకు పైగా చల్లని నీటిని మరిగించడానికి ఆ వేడి చాలు. వేగం రెట్టింపయితే ఈ వేడి నాలుగు రెట్లవుతుంది. ఘాటు రోడ్డు దిగుతూ పదే పదే బ్రేకు వేస్తే డిస్కులు, డ్రమ్ములు చల్లబడే వ్యవధి దొరకక, లైనర్ల రాపిడి తగ్గి, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగని స్థితి వస్తుంది. పెద్ద డిస్కు, పెద్ద కాలిపర్ వల్ల కలిగే అసలు ప్రయోజనం ఈ వేడిని తట్టుకోవడమే.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. పెద్ద బ్రేకులు బిగించినంత మాత్రాన కారు తక్కువ దూరంలో ఆగదు. చక్రాన్ని బిగదీసి ఆపగల శక్తి పాత బ్రేకుకు కూడా ఉన్నప్పుడు, ఒక్కసారి గట్టిగా వేసిన బ్రేకులో ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరుకు, రోడ్డుకు మధ్యగల పట్టు. డబ్బు పరిమితంగా ఉన్నవారు ముందుగా మంచి టైర్లు కొనడమే ఉచితమని మా అభిప్రాయం.

240జెడ్ యజమానులలో బాగా ప్రచారం పొందిన మార్పు ఒకటున్నది. టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ వాహనాలకు వాడిన నాలుగు పిస్టన్ల కాలిపర్లు ఈ కారు ముందు చక్రాలవద్ద అవే బోల్టు రంధ్రాలకు సరిపోతాయి. డిస్కు వెనుకనున్న రేకును కొంత కత్తిరించవలసి వస్తుంది. అయితే కథ అంతటితో ముగియదు. కాలిపర్ పిస్టన్ల మొత్తం వైశాల్యం పెరిగినప్పుడు ఎక్కువ బ్రేక్ ఆయిల్ కావాలి. పెడల్ మరింత లోతుకు పోతుంది. అందుచేత 7/8 అంగుళం మాస్టర్ సిలిండర్‌కు బదులు 15/16 అంగుళానిది అమర్చుతారు. దాని వైశాల్యం సుమారు 15 శాతం ఎక్కువ. పెడల్ గట్టిపడుతుంది, కాని అదే ఒత్తిడికి పాదంతో మరికొంత బలం ప్రయోగించవలసి వస్తుంది.

ముందు వెనుకల సమతూకం ఇంకా ముఖ్యం. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది కనుక అధిక భాగం పని ముందు చక్రాలదే. ముందు బ్రేకులను మాత్రమే బలపరిస్తే వెనుక డ్రమ్ములు తమ వంతు పని చేయకముందే ముందు చక్రాలు జారవచ్చు. వెనుక కూడా డిస్కులు అమర్చి ఒత్తిడిని సరిచూడకపోతే పరిస్థితి మరింత ప్రమాదకరం: వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు గిర్రున తిరిగిపోతుంది. అందుకే వెనుకకు పోయే ఒత్తిడిని తగ్గించే వాల్వు వాడతారు.

చక్రాల విషయానికి వస్తే, 15 అంగుళాల అలాయ్ రిమ్ములు తరచుగా ఎంచుకుంటారు. 205/60 టైరుతో వాటి మొత్తం వ్యాసం దాదాపు 63 సెంటీమీటర్లు; పాత టైరుకు ఇంచుమించు సమానం కనుక స్పీడోమీటరు పెద్దగా తప్పు చూపదు. రిమ్ము లోపలి అంచుకు కాలిపర్ తగలకూడదు, టైరు మడ్‌గార్డుకు ఒరుసుకోకూడదు. ఇనుప రిమ్ముల నట్లు కొన్ని అలాయ్ రిమ్ములకు పనికిరావు. రిమ్ముతో వచ్చిన నట్లనే వాడాలి.

వీటన్నిటికంటే ముందు చూడవలసినవి పాత రబ్బరు హోసులు, ఆయిల్. ఏళ్ల తరబడి ఉన్న హోసు బయటికి బాగానే కనిపించి లోపల మూసుకుపోవచ్చు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదిగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగేది, తేమ చేరాక 155 డిగ్రీలకే మరగవచ్చు. అప్పుడు గొట్టాలలో ఆవిరి చేరి పెడల్ మెత్తబడుతుంది. హోసులు, ఆయిల్ మార్చి, గాలి పూర్తిగా తీసిన తర్వాత, కొత్త ప్యాడ్లను ఖాళీ రోడ్డుపై మధ్యస్థ వేగం నుండి పలుమార్లు నెమ్మదింపజేస్తూ, నడుమ చల్లబడనిస్తూ డిస్కులకు అలవాటు చేయాలి. అలాయ్ రిమ్ముల నట్లను నూరు కిలోమీటర్ల తర్వాత టార్క్ రెంచితో మరొకసారి సరిచూడాలి.