వేటకు నాలుగు అంగుళాల కత్తి చాలు!

జింకల వేటకు వెళ్తున్నానని చెప్పగానే వాట్సాప్ కాల్‌లో అమ్మ అన్న మొదటి మాట.. ‘ఒరేయ్, నీకు కోడిని కోయడమే చేతకాదు కదరా!’

నిజమే. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ చికెన్ షాపులో కవర్ చేతికొచ్చేదాకా ఫోన్‌లోంచి తల ఎత్తేవాణ్ని కాదు. టెక్సస్ వచ్చిన రెండో ఏడాది మా టీమ్ లీడ్ ‘నవంబర్‌లో డీర్ సీజన్, వస్తావా?’ అంటే ఊ అనేశాను. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు దాదాపు తెరపడింది కానీ, ఇక్కడ లైసెన్స్ తీసుకుని సీజన్‌లో వేటాడొచ్చు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. కోర్సు బుద్ధిగా చేశాను. కత్తి మాత్రం సినిమాలు చూసి కొన్నాను. ఎనిమిది అంగుళాల అలుగు, వీపు మీద రంపపు పళ్లు, పిడిలో దిక్సూచి. దాన్ని చూసి మా లీడ్ అడిగాడు, ‘దీంతో ఏం కోస్తావ్, నా ట్రక్కునా?’

తుపాకీ ఆయనది, కాల్చిందీ ఆయనే. కోసే పని నేనే అడిగి తీసుకున్నాను.

జింక పడ్డాక వీలైనంత త్వరగా పొట్ట కోసి లోపలివన్నీ తీసేయాలి. లేకపోతే ఒంట్లో మిగిలిన వేడికే మాంసం పాడవుతుంది. అసలు చిక్కంతా ఆ మొదటి గాటులోనే. పొట్ట మీది చర్మం పల్చగా ఉంటుంది, దాని కిందే నిండు జీర్ణాశయం. రెండు వేళ్లతో చర్మం పైకెత్తి, వాదర ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని, మొనను ఆ వేళ్ల మధ్యలోంచి నడిపించాలి. అంటే మొన ఎక్కడుందో వేలికి తెలుస్తూనే ఉండాలి. నా కత్తిలో పిడికీ మొనకీ మధ్య దాదాపు జానెడు దూరం. ఇక్కడ చెయ్యి వెంట్రుకవాసి కదిలితే అక్కడ మొన అంగుళం కదులుతోంది. నాలుగు అంగుళాలు కోశానో లేదో, బుస్సుమంది. జీర్ణాశయానికి చిల్లు పడింది.

ఆ వాసన గురించి రాయను. లోపలున్నదంతా మాంసం మీదికి వచ్చేసింది. లీడ్ తిట్టలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. జేబులోంచి మడత కత్తి తీసి, పాడైన ముక్కలన్నీ కోసి పక్కన పడేశాడు. వెన్నెముక కిందుండే అన్నిటికంటే మెత్తటి మాంసం కూడా అందులోనే పోయింది. ఒక ప్రాణం తీసి, అందులో మంచి భాగాన్ని నా షోకు కోసం పారబోశాం.

ఆయన కత్తి బక్ 110. 1964 నుంచి వస్తున్న మోడల్, అలుగు మూడు ముప్పావు అంగుళాలు. జింక మొత్తాన్ని దాంతోనే పూర్తి చేశాడు. కీళ్ల దగ్గర కూడా నరకలేదు, కీలు సందు వెతికి నరాలు తెంపాడంతే. చూపుడు వేలు కత్తి వీపు మీద పెడితే మొన దగ్గరదాకా అందాలి, జింక సైజు జంతువులకు అదే లెక్క అన్నాడు. ఆ లెక్కన మూడు నుంచి నాలుగు అంగుళాలు. పిడి మాత్రం పొట్టిగా ఉండకూడదు. నాలుగు వేళ్లూ పట్టాలి, ఎందుకంటే కొవ్వు అంటిన చేతిలో కత్తి సబ్బుబిళ్లలా జారుతుంది. ఇప్పుడు నా దగ్గరున్నది మడవని రకం, స్వీడన్ వాళ్ల మోరా కంపానియన్. నాలుగు అంగుళాలకు కాస్త ఎక్కువ, ధర తక్కువ. మడత కత్తుల్లో రక్తం, కొవ్వు కీలులోకి దూరిపోతాయి, కడగలేక చావాలి.

మరి రోజూ జేబులో? అది వేరే కథ. కొరియర్ డబ్బాలు, దారాలు, ఒక ఆపిల్.. ఇంతే కదా మనం కోసేది! మూడు అంగుళాలు దాటితే జేబుకు బరువు, పక్కవాడికి భయం. నా తాళాల గుత్తికి మడిస్తే 58 మిల్లీమీటర్లుండే చిన్న విక్టోరినాక్స్ ఉంటుంది. కత్తి కంటే అందులోని కత్తెరే ఎక్కువ వాడతాను, ఒప్పుకుంటున్నా.

కొనేముందు మీరున్న చోట చట్టం చూసుకోండి. టెక్సస్‌లో అలుగు ఐదున్నర అంగుళాలు దాటితే బడులు, బార్ల లాంటి చోట్లకు తీసుకెళ్లకూడదు. నా హీరో కత్తి దుకాణంలోంచే ఆ జాబితాలో ఉంది, నాకే తెలీదు. బ్రిటన్‌లో ఇంకా గట్టి. సరైన కారణం లేకుండా జేబులో ఉంచుకోగలిగేది మూడు అంగుళాల లోపు మడత చాకే, అదీ లాక్ పడనిదై ఉండాలి. అక్కడ చదువుతున్న మా చెల్లికి లాక్ ఉన్న చాకు గిఫ్ట్ పంపబోయి ఆగాను. ఇండియాలో ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తుల్ని ఆయుధాల లెక్కలో వేస్తాయి, ఇంటి పనికీ పొలం పనికీ చేసినవి తప్ప. అలాగని ఎనిమిది అంగుళాల బాకు నడుముకు పెట్టుకుని బజార్లో తిరిగితే పోలీసులు టేపు తెచ్చి కొలుస్తూ కూర్చోరు. ఇక విమానం ఎక్కేటప్పుడు ఏ సైజైనా చెకిన్ బ్యాగులోనే. తాళాల గుత్తి సంగతి మర్చిపోయి ఎయిర్‌పోర్ట్ డబ్బాలో ఒకటి సమర్పించుకున్నాను, ఇప్పుడున్నది రెండోది.

ఎనిమిది అంగుళాలది ఏమైందంటారా? మా అపార్ట్‌మెంట్ కిచెన్‌లో ఉంది. పుచ్చకాయ కోయడానికి బ్రహ్మాండంగా పనికొస్తోంది. రంపపు పళ్లలో ఇరుక్కున్న గింజలు తీసే డ్యూటీ మాత్రం మా రూమ్మేట్ నాకే వేశాడు.